ఒడ్డున తీసిన ఫొటో

ఫ్యాక్టరీ రసాయనం కలిసినప్పటి నుంచి ఆ సముద్రంలో ఎవరూ కాలు పెట్టడం లేదు.

"మన మాటలు ఎవరు నమ్ముతారు సార్? నేనే ఈది చూపిస్తా," అంది ఆ ఫ్యాక్టరీ కంపెనీ ప్రచార వ్యూహకర్త, యజమానితో. గంటల తరబడి సముద్రం ఈదడం ఆవిడకి అలవాటే.

పొద్దున ఎదురు దీవి దగ్గర దిగి, మధ్యాహ్నానికి ఒడ్డు చేరింది. తను చెప్పిన చోటే కెమెరాలు నిలబడ్డాయి. పెదాలు నీలంగా మారినా మాట తడబడలేదు.

"చూశారుగా, నీళ్ళు నిక్షేపంలా ఉన్నాయి! ఇంకా ఆలోచిస్తారేంటి, దిగండి!"

చప్పట్లు మోగాయి. పిల్లలు కేకలేస్తూ నీళ్ళలోకి దూకారు.

"అమ్మా!" అంటూ ఆవిడ కూతురూ పరుగెత్తుకొచ్చింది. వణుకుతూనే ఆవిడ ఎదురెళ్ళి, ఎవరో తనకి అందించిన పొడి తువ్వాలు పిల్లకి చుట్టి ఎత్తుకుంది. ఫొటోలు టపటపా పడ్డాయి.

"దించమ్మా, నేనూ ఆడుకుంటా."

ఆవిడ నవ్వు చెదరనివ్వకుండా పిల్ల చెవిలో అంది: "కాళ్ళు ముడుచుకో తల్లీ. ఆ నీళ్ళు నీకు తగలకూడదు."