వెలగని కొవ్వొత్తి

“ఒక్క మనిషి కోసం ఇంకెన్నాళ్లు కూర్చుంటావు ఎర్విన్?” అంది క్లారిటా మేడమ్. “పోయినవాళ్లను తలుచుకునే ఉండాస్ పండగ వచ్చేస్తోంది. ఆ రోజు సెబూ అంతా సమాధుల దగ్గరే ఉంటుంది. రాలేనివాళ్లు తమవాళ్ల పేజీల్లో కొవ్వొత్తి వెలిగించడానికి మన సైటు మీద పడతారు. ఆ పాత బ్రౌజర్ సంగతి వదిలెయ్.”

“రోజూ పొద్దున్నే వస్తున్నారు మేడమ్. కొవ్వొత్తి బటన్ నొక్కుతున్నారు. అది వెలగడం లేదు.”

“నీకెవరు చెప్పారు? ఫోన్ చేశారా?”

“లాగ్‌లో పడుతోంది.”

ఇదివరకు చూసేవాళ్ల తెరమీద ఏం చెడినా ఆఫీసుకు తెలిసేది కాదు. వాళ్లు కాసేపు చూసి, విసుగొచ్చి వెళ్లిపోయేవారు. చెడిన ప్రతిసారీ ఆ సంగతి సర్వర్‌లో ఉండే చిట్టాలోకి, అంటే లాగ్‌లోకి, వచ్చి చేరేలా ఈ మధ్యే ఎర్విన్ కొంచెం కోడ్ రాశాడు. ఏ పేజీలో, ఏ బటన్ దగ్గర చెడిందో అందులో ఉంటుంది. ఎవరికన్నది ఉండదు.

“ఇంతకీ ఎవరి పేజీ అది?”

“ఫెలీసా ఉంబాయ్ అని...” మా అక్క, అని మాత్రం అనలేదు.

“ఎవరో ముసలాయన అయ్యుంటాడులే. వయసులో ఉన్నప్పుడు ఆవిడ వెంట తిరిగి ఉంటాడు.” మేడమ్ నవ్వింది. “సరే, శుక్రవారం దాకా చూడు. ఆ తర్వాత నా మాట వినాలి.”

అక్క పోయాక ఈ పేజీ పెట్టింది ఎర్వినే. ఆమెకు పిల్లలు లేరు. బావ ముందే పోయాడు. తనను పెంచిన అక్కను తలుచుకునేవాళ్లు ఈ లోకంలో ఇంకొకరున్నారన్న ఊహ ఎర్విన్‌ను కుదురుగా ఉండనివ్వలేదు. ఎవరై ఉంటారు? ఎండుచేపల బజారులో అక్క పక్క కొట్టావిడా? చర్చిలో కలిసి పాడినవాళ్లా? దొరికితే ఎదురుగా కూర్చుని అక్క గురించి కాసేపు మాట్లాడుకోవచ్చు. అలా మాట్లాడుకోవడానికి అతనికి ఎవరూ లేరు.

శుక్రవారం సాయంత్రానికి తప్పు దొరికింది. పాత బ్రౌజర్‌కు అర్థంకాని మాట ఒకటి కోడ్‌లో ఉంది. దాన్ని మార్చి ఇంటికి వెళ్లాడు.

శనివారం పొద్దున లాగ్‌లో ఏమీ లేదు. ఫెలీసా పేజీలో చిన్న కొవ్వొత్తి వెలుగుతోంది. ఎర్విన్ చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత దాని కింద రాయడం మొదలుపెట్టాడు. ‘మీరెవరో నాకు తెలియదు. నేను ఆమె తమ్ముణ్ణి. మిమ్మల్ని ఒకసారి కలవాలని ఉంది.’

పంపబోతుండగా ఫోన్ మోగింది. మనీలా నుంచి జెస్సా. వీళ్ల సైటును పరీక్షించే కంపెనీలో పనిచేసే అమ్మాయి.

“సారీ సార్. మా ప్రోగ్రామ్ రోజూ పొద్దున పాత బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచి కొవ్వొత్తి బటన్ నొక్కుతుంది. నొక్కిందా లేదా అనే చూసుకున్నాం గానీ, వెలిగిందా అని చూడలేదు. ఇవాళ నిజంగానే వెలిగి కూర్చుంది. తీసేయమంటారా?”

ఎర్విన్ ఇంకా పంపని ఆ మాటల వైపు చూశాడు.

“ఇన్ని వేల పేజీలుండగా అదే ఎందుకు తీసుకున్నారమ్మా?”

“ఎవరి మనసూ నొచ్చుకోకూడదని సార్. మేం ఎంచుకున్నప్పటికి, పెట్టిన రోజు నుంచి ఒక్కరంటే ఒక్కరు కూడా తెరిచి చూడని పేజీ అదొక్కటే.”