ఆదివారం తీసిన ఫొటోలు

“మేడం, మొన్న ఆదివారం సాయంత్రం వాడరేవులో ప్రీ వెడ్డింగ్ ఫొటోలు తీసింది మీరేనా?”

హెలెన్ కంప్యూటర్ మీంచి తలెత్తింది. స్టూడియో గుమ్మంలో ఒకతను నిలబడి ఉన్నాడు. మాసిన చొక్కా, ఎర్రబడ్డ కళ్లు. సెల్‌ఫోన్ ముందుకు చాపాడు. తెర మీద గులాబీరంగు గౌనులో ఆరేళ్ల పాప నవ్వుతోంది.

“మా జోషిత. ఆదివారం పొద్దుటి నుంచి కనపడట్లేదు.”

పేరు చైతన్యకృష్ణ అన్నాడు. పర్చూరు దగ్గర పల్లె. కళ్లంలో మిరపకాయలు అట్టాగే వదిలేసి రెండు రోజులుగా తిరుగుతున్నాడట. పాపని వాడరేవులో చూశామని ఎవరో చెప్పారు. అక్కడికి వెళ్తే టీకొట్టు ఆవిడ ఈ చీరాల స్టూడియో పేరు చెప్పింది.

“ఎనకాల జనంలో ఎక్కడన్నా పడి ఉంటదేమో. ఒక్కసారి చూపిచ్చండి. మీకు పుణ్యం ఉంటది.”

హెలెన్ ఫోన్‌లోని పాప వైపు ఇంకోసారి చూసింది.

“పోలీసులకి చెప్పారా?”

“చెబుతా. ముందు నేను ఎతుక్కోవాలిగా.”

“పాప వాళ్లమ్మ?”

“ఇంటికాడ ఏడుస్తా కూచుంది.”

హెలెన్ కెమెరా తీసి వెనక ఉన్న చిన్న తెర మీద చూపించింది. పెళ్లి జంట, సముద్రం. దూరంగా చుక్కల్లా జనం.

“ఇందులో ఏం తెలియదండీ.”

అతను గోడ వైపు చూశాడు. పెళ్లివాళ్లకి ఫొటోలు చూపించడానికి పెట్టిన యాభై అయిదు అంగుళాల టీవీ.

“అందులో పెట్టండి.”

ఆమె కెమెరాలోంచి కార్డు తీసి టీవీకి తగిలించబోయింది. కార్డు రెండుసార్లు జారి కింద పడింది.

మొదటి ఫొటో వచ్చింది. చుక్కలన్నీ మనుషులయ్యాయి. పడవల మీద రాసిన పేర్లు, ఎండబెట్టిన చేపలు, ఎవరో ఆవిడ చేతిలోని మొక్కజొన్న కండె మీది గింజలతో సహా కనిపిస్తున్నాయి. అంత స్పష్టంగా ఉంటుందని హెలెన్ అనుకోలేదు.

నాలుగో ఫొటోలో, పడవ పక్కన గులాబీరంగు గౌను.

“అదిగో! మా పిల్లే!”

తర్వాతి ఫొటోలో పాప నీళ్ల అంచున ఉంది. చుట్టూ ఎవరూ లేరు. ఆ తర్వాతి దాంట్లో మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది. వెనక అల లేస్తోంది.

ఆ తర్వాతి దాంట్లో పాప లేదు. తడి ఇసుకలో ఒక చిన్న చెప్పు మాత్రం ఉంది.

అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హెలెన్ రిమోట్ కింద పెట్టేసింది.

“చాలండీ. ఇంక నా వల్ల కాదు.”

“నొక్కండి!”

అరచేత్తో బల్ల మీద కొట్టాడు. హెలెన్ ఉలిక్కిపడింది. సరిగ్గా అప్పుడే పక్క షెడ్డులో చప్పుడు చేస్తున్న మరమగ్గాలు టీ వేళ కావడంతో ఆగిపోయాయి. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆమె గట్టిగా దగ్గి, రిమోట్ తీసుకుంది.

నాలుగైదు ఫొటోల్లో పెళ్లి జంట తప్ప ఇంకేం లేదు. తర్వాత ఒక ఫొటో మూలన, రోడ్డు పక్కన, పాప మళ్లీ కనిపించింది. ఒక ఆడమనిషి భుజం మీద ఉంది. ఆ మనిషి మొహానికి చున్నీ చుట్టుకుని పరుగెడుతోంది.

“ఎత్తుకుపోతంది చూడండి! పెద్దది చెయ్యండి దాన్ని!”

హెలెన్ బొమ్మ పెద్దది చేసింది. పాప తడిసిన జుట్టు. చున్నీ సందులోంచి బెదిరిన కళ్లు. టీవీ నిండా ఆ కళ్లే.

అతను టీవీ దగ్గరికి వెళ్లాడు. ఆ కళ్లకి మొహం దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

“దొరికింది.”

ఆ మనిషి ముందు ఒక బస్సు ఆగి ఉంది. బోర్డు సగం పెళ్లికొడుకు భుజం వెనక ఉంది.

“ఏ ఊరు బస్సది?”

“ఒంగోలండీ,” అంది హెలెన్. “ఆ బస్సుకే పోతున్నట్టుంది.”

“ఇంకా ఉన్నయ్యా ఫొటోలు?”

“లేవండీ. అదే ఆఖరుది.”

అతను బయటికి పరుగెత్తాడు. మోటార్‌సైకిల్ చప్పుడు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా హెలెన్ కుర్చీ పట్టుకుని నిలబడే ఉంది. తర్వాత షట్టర్ కిందికి లాగి తాళం వేసి, వెనక గది తలుపు తీసింది.

ఆదివారం రాత్రి నుంచి అక్కడే దాక్కున్న తల్లి, వాచిపోయిన మొహంతో, ఫొటోలోని ఆ చున్నీతోనే మూలకి నక్కి కూర్చుని ఉంది. తన నోటికి అడ్డం పెట్టిన అమ్మ చేతిని మెల్లిగా తప్పించుకుని జోషిత అడిగింది: “ఆంటీ, నాన్న వెళ్లిపోయాడా?”