రెండో బంతి

స్కోరు సమంగా ఉంది, టైము అయిపోయింది. ఎవరూ అడ్డు రాకూడని ఫ్రీ త్రోలు రెండు నాకు మిగిలాయి. ఒక్కటి పడితే చాలు, గెలుపు మాది. అప్పటిదాకా "లహరీ, లహరీ" అని గోల చేసిన నందిగామ కాలేజీ బాస్కెట్‌బాల్ గ్రౌండు, నేను తెల్ల గీత దగ్గర నిలబడగానే ఊపిరి బిగపట్టింది.

ముందు వరుస కుర్చీలో మా అమ్మ పుష్పవతి ఉంది. చెన్నై జట్టుకు జీతం మీద ఆడే కూతుర్ని కన్నదని ఆవిడకు శాలువా కప్పారు. చేతులు కట్టుకుని, పెద్దమనిషిలా కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. జగ్గయ్యపేటలో నా మొదటి బంతిని కొడవలితో కోసింది ఈవిడే. రోజూ సాయంత్రం స్కూలు గ్రౌండు కంచె పట్టుకుని, నేను బంతి ఎత్తిన ప్రతిసారీ వీధంతా వినేలా తిట్టింది ఈవిడే.

"నీ చేతులు పడిపోనూ! అక్కడ గేదెలు అరుస్తుంటే ఇక్కడ నీకు ఎగురుళ్ళు కావాల్సొచ్చాయా?"

ఆ నోటికి జడిసి నాతో ఆడే పిల్లలు కూడా రావడం మానేశారు. నేను మాత్రం ఆ తిట్ల మధ్యే బంతి వేస్తూ పెరిగాను. ఇప్పుడేమో శాలువా సర్దుకుంటోంది!

మొదటి బంతి వేశాను. రింగుకు తగిలి బయటపడింది.

పై ఊళ్ళలో జనం నన్ను గేలి చేస్తూ కేకలు పెడుతుంటే ఎన్నడూ గురి తప్పలేదు. ఇక్కడ చీమ చిటుక్కుమనడం లేదు, నాకు గురి కుదరడం లేదు.

రిఫరీ రెండో బంతి అందించాడు. నేను అమ్మ వైపు తిరిగాను.

"అలా కూర్చున్నావేంటే అమ్మా? తిట్టు!"