నీళ్లు పొయ్యొద్దు

"నీళ్లు పొయ్యొద్దండీ! పిల్ల మీద చుక్క కూడా పడనియ్యొద్దు!"

పెరటి గుమ్మంలో నిలబడి రొప్పుతోంది ఆ మనిషి. యాభై దాటి ఉంటాయి. కాళ్లకు చెప్పుల్లేవు.

చూడామణి చేతిలో చెంబు ఆగిపోయింది.

జగ్గయ్యపేటలో ఆమె ఎరగని ఆడమనిషి లేదు. ఈవిడ మాత్రం కొత్త.

స్నానాలగదిలో పీట మీద ముడుచుకుని కూర్చుంది అమూల్య. ఇరవై రెండేళ్ల పిల్ల. కంప్యూటర్ సెంటర్లో పాఠం చెప్పడానికి వెళ్లి, చిరిగిన బట్టల మీద చున్నీ కప్పుకుని ఇంటికొచ్చింది. సెంటర్ ఓనరు భవానీప్రసాద్ తలుపు గడియ పెట్టాడని మాత్రం చెప్పగలిగింది. తక్కినది చెప్పకుండానే తల్లి చూడామణికి అర్థమైంది.

ఆమెకు ఎవర్నడగాలో తెలియలేదు. భర్త కొట్లోకి సరుకు కోసం బెజవాడ వెళ్లాడు. చావు పలకరింపుకెళ్లొచ్చినా, గ్రహణం విడిచినా ఆ ఇంట్లో ముందు తలమీద నీళ్లు పోసుకోవాలి, కట్టిన గుడ్డలు తడపాలి. కాపరానికొచ్చిన నాటి నుంచి ఆమెకు తెలిసిన విరుగుడు అదొక్కటే. అందుకే ముందు బాయిలరు అంటించింది.

"ఎవరండీ మీరు?"

"మీ అమ్మాయి ఏడ్చుకుంటా వస్తంటే చూశా. వెనకాలే వచ్చేశా. వీధి చివర ఆటో ఆపా. నందిగామ పోదాం, రండి."

"నందిగామ ఎందుకు?"

"ఇక్కడైతే అందరూ మీకు తెలిసినోళ్లేగా. అక్కడ లేడీ డాక్టరున్నారు. లోపల దెబ్బలుంటే చూస్తారు. కడుపు రాకుండా బిళ్లలిస్తారు, ఎంత తొందరగా మింగితే అంత మంచిదంట. బట్టలు ఉతక్కండి. అవే సాక్ష్యం."

ఆ చివరి మాట ఒక్కటే చూడామణి చెవిన పడింది. కోర్టు, పేపరు, కొట్టు ముందు గుసగుసలాడే జనం.

"ఊరంతా టముకు వెయ్యడానికొచ్చావా? నీకేం పోయింది?"

ఆ మనిషి కొంగుతో మొహం కప్పుకుంది.

"నేను వెళ్తానమ్మా," అంది అమూల్య లోపల్నించి.

"నువ్వు నోర్ముయ్!"

చూడామణి పెరటి తలుపు ధడాలున వేసి గడియ పెట్టింది. కూతురి తల మీద నీళ్లు కుమ్మరించింది. పోస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. బట్టలు సబ్బునీళ్లలో జాడించి దండెం మీద ఆరేసింది.

బయట ఆ మనిషి చాలాసేపు తలుపు కొట్టి, వెళ్లిపోయింది.

రెండు రోజులకు పిల్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం. పొత్తికడుపులో నొప్పి. ఇక దాచడానికేం మిగల్లేదు, నందిగామకే తీసుకెళ్లారు.

డాక్టర్ మహతి ముందు అమూల్యతోనే మాట్లాడింది. అడిగి, సరేనన్నాకే చెయ్యి వేసింది.

"ఇందులో నీ తప్పేం లేదమ్మా," అంది.

ఆ ఒక్క మాటా తను కూతురితో అనలేదని చూడామణికి అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"గాయానికి చీము పట్టింది, మందులతో తగ్గుతుంది. కడుపు రాకుండా బిళ్లలు ఇప్పుడైనా ఇస్తా. ఆ రోజే వచ్చుంటే పనిచేస్తాయని గట్టిగా చెప్పగలిగేదాన్ని."

"బట్టలు కూడా ఉతికేశానండీ. కేసు పెడితే నిలవదా?"

"అది తర్వాత. ముందు పెడుతుందో లేదో అమ్మాయిని అడగండి."

"పెడతా," అంది అమూల్య.

చూడామణి కళ్లు తుడుచుకుంది. "ఆ రోజే ఒకావిడ వచ్చి చెప్పిందండీ. నేనే తరిమేశా."

డాక్టర్ తలెత్తి చూసింది. "అయితే ఆవిడ చెప్పింది మీ గురించేనన్నమాట. ఒకమ్మాయిని తీసుకొస్తారు, ఉండండి డాక్టరమ్మా అని నన్ను ఇంటికి కదలనివ్వలేదు. చీకటి పడేదాకా వరండాలో కూర్చుని, ఎవరూ రాకపోతే ఏడ్చింది."

"ఎక్కడుంటారండీ? వెళ్లి కాళ్లు పట్టుకుంటా."

"మీ ఊళ్లో ఇక ఉండదమ్మా. మర్నాడు పోలీసులకి ఒక చొక్కా అప్పజెప్పి, నాతో చెప్పి చెవిటికల్లులో పుట్టింటికి వెళ్లిపోయింది. మీ కేసుకి ఇప్పుడు ఆ చొక్కాయే ఆధారం."

"చొక్కానా? ఎవరిదండీ?"

"భవానీప్రసాద్‌ది. రక్తం మరకలు పోకుండా, వాళ్లమ్మే ఉతక్కుండా దాచి తెచ్చింది."