పండబెట్టి తెచ్చిన ఫ్రిజ్

ఫ్రిజ్ వచ్చి మూడు రోజులైంది. లోపల పెట్టిన పెరుగు పులిసి గిన్నె మూత పైకి లేపింది.

"ఫ్రిజ్ అని తెచ్చినవా, బీరువా అని తెచ్చినవా?" అంజమ్మ మొగుడు భిక్షపతిని నాలుగోసారి అడిగింది.

పంజాగుట్టలో వాళ్లుండే బిల్డింగ్‌లో ఫ్రిజ్ కొన్నామని ఆమె ఇప్పటికే అందరికీ చెప్పుకుంది. పక్కవాటావిడ ఐస్ ముక్కల కోసం గిన్నె పట్టుకుని రోజూ వస్తోంది. రోజుకో అబద్ధం ఆడాల్సి వస్తోంది.

భిక్షపతికి ఆ పోరు కంటే నడుం నొప్పి ఎక్కువగా ఉంది. బావమరిదితో కలిసి రెండంతస్తులు ఎక్కించిన బరువది. ఇంతా మోస్తే అది గుర్రుమంటుంది తప్ప చల్లబడదు.

చివరికి ఫ్రిజ్ పక్కన ఓ స్టిక్కర్ కనబడింది. అమీర్‌పేటలో రిపేరు షాపు, ఫోన్ నంబరు. వెంటనే ఫోన్ కొట్టాడు.

పదకొండింటికి మెకానిక్ వచ్చాడు. పేరు కమలాకర్. ఫ్రిజ్ ముందు నిలబడి పక్కనున్న స్టిక్కర్‌ను వేలితో తడిమాడు. తలుపు తీశాడు, మూశాడు.

"యాడ కొన్నవన్నా?"

"ఎర్రగడ్డల. సెకండ్ హ్యాండ్."

"ఎప్పుడు తెచ్చిండ్రు?"

"మొన్న బోనాల రోజు. జనమంత బల్కంపేట గుడికాడనే ఉండె. గల్లీలన్నీ ఖాళీ. ఆటోల పండబెట్టి తెచ్చినం, రాంగనే ప్లగ్గు పెట్టినం."

"పండబెట్టిండ్రా!" కమలాకర్ నెత్తి కొట్టుకున్నాడు. "కంప్రెసర్ల నూనె మొత్తం పైపులల్లకు పోయుంటది. మీదికెల్లి గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు. గిట్లయితే ఎట్ల సల్లబడ్తది? జరన్న దయ లేదా?"

కన్నబిడ్డను కొట్టినంత కోపం అతనికి. పనిమీద ఇంత ప్రేమ ఉన్నవాణ్ని భిక్షపతి ఎన్నడూ చూడలేదు. సిగ్గుపడ్డాడు.

కమలాకర్ ప్లగ్గు పీకాడు. ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపి, వెనకాల దుమ్ము దులిపాడు.

"నాలుగు గంటలు ముట్టద్దు. నువ్వు సుత యాడికి పోకన్నా. మళ్ల జరపాలంటే ఇంకో మనిషి గావాలె."

"అందాక నువ్వు షాపుకు పోయి రారాదు?"

"దీన్ని ఇడిసిపెట్టి పోబుద్ధయితలేదు."

ఆ మాటకు అంజమ్మ కరిగిపోయింది. వేడన్నంలో చింతకాయ తొక్కు వేసి పెట్టింది. కమలాకర్ మొహమాటపడకుండా తిన్నాడు. మధ్యలో ఒక్కసారి బాల్కనీలోకి పోయి ఫోన్ మాట్లాడొచ్చాడు.

మూడింటికి ప్లగ్గు పెట్టాడు. గుర్రు పోయి సన్నటి మోత మొదలైంది. ఐదింటికల్లా ట్రేలో నీళ్లు గడ్డకట్టాయి. అంజమ్మ తానే పోయి పక్కవాటావిడ గిన్నె నింపి వచ్చింది. భిక్షపతి నడుముకు ఐస్ ముక్క పెట్టుకుని "అమ్మా!" అన్నాడు, హాయిగా.

"ఎంతియ్యాలె తమ్మీ?"

"గీ ఫ్రిజ్‌కు పైసలు తీసుకుంటనా అన్నా?"

"ఎంత మంచోడివి!" భిక్షపతి అతని కప్పులో ఇంకాస్త చాయ్ పోసి, తానూ ఓ కప్పు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

కమలాకర్ ఫోన్ తీశాడు. "ఎస్సై సార్, ఫ్రిజ్ మస్తు సల్లగైంది, ఇగ మీదికి రండ్రి, మా ఇంటి తాళం పలగ్గొట్టి దీన్ని ఎత్తుకొచ్చినోడు నా పక్కకే కూసోని చాయ్ తాగుతుండు."