జోడీ విడిచినోడు

భార్య వెంకటవ్వకు మతిమరుపు ముదిరిందని రామస్వామికి గట్టి అనుమానం. ఇప్పుడే చాయ్ తాగావంటుంది. తాగిన నోటికి తెలియదా? టీవీ రిమోట్ తనే ఎక్కడో పెట్టి, "నీ అంగి జేబుల సూస్కో" అంటుంది. తీరా చూస్తే జేబులోనే ఉంటుంది. ఎప్పుడు వేసిందో ఏమో, మహా గడుసుది.

"గిసుంటి మనిషితోని ఎట్ల ఎల్లదీస్తున్ననో నాకే ఎరుక" అని ఆయన గొణుగుతుండగా వాకిట్లో చెప్పుల చప్పుడైంది. వచ్చినతన్ని చూసి ఆయన ముఖం విచ్చుకుంది.

"ముక్తార్! గిన్ని దినాలు యాడికి పోయినవ్‌రా? రా, కూసో. డబుల్స్ ఇప్పుడే షురువైంది."

వచ్చినతను గుమ్మంలోనే ఆగిపోయాడు. వెంకటవ్వ ఏదో చెప్పబోయి, మింగేసి, కుర్చీ చూపించింది. అతను వచ్చి రామస్వామి పక్కన కూర్చున్నాడు.

ముక్తార్, రామస్వామి బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఒకే సెక్షన్‌లో పనిచేశారు. డ్యూటీ దిగితే క్లబ్బు వెనక టెన్నిస్ మట్టికోర్టులో కూడా ఒకే వైపు. ముక్తార్ నెట్ దగ్గర, రామస్వామి వెనక. చుట్టుపక్కల ఫ్యాక్టరీల జోడీలు వచ్చేవి, వీళ్ల చేతిలో ఓడేవి, పెట్టిన బిర్యానీ తిని పోయేవి.

టీవీలో ఎక్కడో పరాయి దేశంలో పెద్ద టోర్నమెంటు. మగవాళ్ల డబుల్స్ సెమీఫైనల్. బంతి ఇద్దరి నడుమ నుంచి దూసుకుపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రామస్వామి తొడ చరిచాడు. "నీదని వాడు, వానిదని వీడు! అయినా సూడు, పాయింట్ పోయినా చేతులు కలుపుతున్నరు. డబుల్స్ అంటే గదిరా."

"ఆ ఎండకు కోర్టు గట్టిపడ్తది. బాల్ భుజం దాకా లేస్తది. కొట్టుడు కష్టం" అన్నాడతను తెర మీంచి చూపు తిప్పకుండా.

"అబ్బో! ఆడికి పోయి ఆడొచ్చినట్టే చెప్తున్నవు!"

వెంకటవ్వ చాయ్ తెచ్చి, అతని కప్పులో చక్కెర వేయకుండానే చేతికిచ్చింది. రామస్వామి వింతగా చూశాడు. ముక్తార్ చాయ్ అంటే సగం పాకమే.

"చక్కెర ఫ్యాక్టరీల చేసి చప్పటి చాయ్ తాగుతున్నవా? షుగర్ అచ్చిందా ఏంది? మరి నా చాయేదే?"

"నీ చేతిలనే ఉన్నది" అంది వెంకటవ్వ.

ఉంది నిజమే. రామస్వామి ఒక గుక్క తాగి, "రేపు కోర్టుకు పోదామా? నీళ్లు కొట్టిచ్చి రోలర్ తిప్పిస్త" అన్నాడు.

ఫ్యాక్టరీ మూతబడి ఎన్నేళ్లయిందో, ఆ కోర్టులో సర్కారు తుమ్మ ఎంత ఎత్తు లేచిందో ఎవరూ ఆయనకు చెప్పలేదు. "పోదాం" అన్నాడతను.

ఆట మధ్యలో రామస్వామి టీవీ గొంతు తగ్గించాడు.

"ముక్తార్, ఒక మాట. నా కొడుకు మహేష్ చేసిన పని నాకు నిద్ర పట్టనిస్తలేదురా. నీ హస్సాన్, మావోడు చిన్నప్పటి సంది జోడీ. పూణెల ప్రొఫెషనల్ టోర్నమెంట్ అంటే కలిసి రైలెక్కిండ్రు. ఇద్దరి ర్యాంకులు కలిపి సూసి లోపలికి తీస్కుంటరట. పేర్లిచ్చే యాళ్లకు పెద్ద ర్యాంకోడు ఒకడు రమ్మన్నడని, మావోడు హస్సాన్‌ను ఆడ్నే విడిచిపెట్టి వాని పక్కకు పోయిండు. పాపం, హస్సాన్ ఒక్కడే వాపస్ అచ్చిండు. మల్ల రాకెట్ ముట్టలే."

అతను చాయ్ కప్పు కింద పెట్టాడు.

"నేను నిలదీస్తే ఏమన్నడో ఎరికేనా? 'ఆట గట్లనే ఉంటది బాపూ' అన్నడు. నా గడప తొక్కకు అన్న. తొక్కలే. నా అంత మొండోడు. పేపర్ల ఫొటో పడ్డదని ఈమె సూపెట్టింది. మొహం తిప్పుకున్న. మల్ల ఈమె పండుకున్నంక దొంగతనంగ సూసిన."

గుమ్మంలో వెంకటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాన్ని సూడాలని ఉన్నది ముక్తార్. గని నీ కొడుకు ఉసురు పోసుకున్నోన్ని, నీ కండ్ల ముందల ఇంట్లకెట్ల రానియ్యాలె? నువ్వు మాఫ్ చేసిన అను. ఒక్క మాట. ఇయ్యాలనే వాన్ని పిలుస్త."

ఆయన రెండు చేతులూ జోడించాడు. అతను ఆ చేతులు గబుక్కున పట్టుకున్నాడు. టీవీలో ఎవరో గెలిచారు, జనం లేచి నిలబడ్డారు. ఇక్కడ ఎవరూ చూడలేదు.

"అనరాదు" అంది వెంకటవ్వ మెల్లగా. "ఆయన పానం నిమ్మళమైతది."

అతను నోరు తెరిచాడు. "మాఫ్..." అన్నాడు.

"వచ్చిన కాన్నుంచి నన్ను ఒక్కపాలి అన్నా అని పిలువలే నువ్వు" అన్నాడు రామస్వామి బెంగగా. "ఇంక కోపం పోలేదా?"

అతను కుర్చీ దిగి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. మోకాళ్ల నొప్పుల ముక్తార్ కింద ఎట్లా కూర్చున్నాడా అని రామస్వామి కంగారుపడ్డాడు.

"గా మాట అనెటందుకు నాకు హక్కు లేదు" అన్నాడతను.

"నీకు లేకుంటే ఇంకెవరికున్నదిరా?"

అతను ఆయన మోకాళ్లలో ముఖం దాచుకున్నాడు.

"తప్పు నాదే, బాపూ."