మూడు ఔన్సుల తేడా

పెట్టె మూడు ఔన్సులు తక్కువ తూగింది.

అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి గ్రంథాలయం కింది అంతస్తులో, శనివారం మధ్యాహ్నం, డోనట్ల పళ్లెం చుట్టూ కూర్చున్న ఏడుగురూ త్రాసు ముల్లు వంకే చూస్తూ ఉండిపోయారు. అట్టపెట్టె మీద కంపెనీవారు అచ్చువేసిన బరువు పద్నాలుగు ఔన్సులు. ముల్లు పదకొండు దగ్గర ఆగింది.

పెట్టెలో ఉన్నవాడు కమాండర్ థండ్రో. ముప్పై నాలుగేళ్ల కిందట విట్‌కమ్ కంపెనీ తపాలాలో మాత్రమే పంపిన సూపర్‌హీరో బొమ్మ. ఆ వీరుడి అభిమానుల సంఘంగా ఏర్పడి, ఏడుగురూ చందాలు వేసుకుని కొన్నారు. నెలకొకరి ఇంట్లో ఉంటుంది. ఎవరూ తెరవకూడదు. తెరిచినవారి పేరు సంఘం పుస్తకంలోంచి శాశ్వతంగా కొట్టివేస్తారు. ఆ విధంగా, తాము ఇంతగా కొలిచే వీరుడి ముఖాన్ని ఫొటోలో తప్ప చూసి ఎరగని భక్తులు వారు.

తగువు హక్కుల దగ్గర మొదలైంది. థండ్రో బొమ్మలు చేసే హక్కు నిరుడు విట్‌కమ్ చేతిలోంచి జెలిక్స్ అనే కొత్త కంపెనీకి పోయింది. జనవరి నుంచి జెలిక్స్ థండ్రో దుకాణాల్లో వేలాడుతున్నాడు.

“కొత్తవాడి మోకాళ్లు వంగుతాయి విల్మా,” అన్నాడు కారు విడిభాగాలు అమ్మే డార్నెల్. “మనలో ఒక్కరివైనా వంగుతున్నాయా చెప్పు?”

అధ్యక్షురాలు విల్మా హోక్‌స్ట్రా నవ్వలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇదే గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు అతికించిన మనిషి. కామా తప్పిపోవడాన్ని కూడా నైతిక పతనంగానే పరిగణిస్తుంది.

“వీరుడన్నవాడు నిలబడాలి, వంగకూడదు. ఆ జెలిక్స్ సరుకు నా ఇంటి గడప తొక్కదు. తొక్కనివ్వను.”

“ఏముంది పాతదాంట్లో? ఇనుప బూట్లంటారు, బరువంటారు. అంతా మన భ్రమ. తూచి చూద్దాం పట్టు!”

“ఉత్తరాలు తూచే త్రాసు మీద థండ్రోనా? మనం ఏడుగురం కలిసి నాలుగు వందల ఎనభై ఏళ్ల వాళ్లం. ప్లాస్టిక్ మనిషిని తూకం వేస్తూ దొరికితే మనవలు ఏమనుకుంటారు?”

“ఇప్పుడు మాత్రం ఏమనుకుంటున్నారు!” అని డార్నెల్ పైకి వెళ్లి త్రాసు తెచ్చాడు.

అలా పెట్టె త్రాసు ఎక్కింది.

విల్మా భూతద్దం తీసి పెట్టెను నెమ్మదిగా తిప్పింది. అడుగున ఆగింది.

“ఇక్కడ టేపు కోసి, మళ్లీ జిగురు పెట్టారు. ఎంత నాసిరకం పని! పక్కలు కూడా కలవలేదు.” ఆమె భూతద్దాన్ని బల్ల మీద గట్టిగా పెట్టింది. ఆ ఆగ్రహంలో నటన లేదు.

పెట్టె ఈ నెల లొవెల్ వంతు. విశ్రాంత తపాలా ఉద్యోగి లొవెల్ చేతిలోని డోనట్‌ను పళ్లెంలో పెట్టేశాడు.

“అది నేనే,” అన్నాడు. “నలభై ఏళ్లు ఊరంతా పెట్టెలు పంచాను. ఒక్కటి తెరవలేదు. డెబ్బై రెండు వచ్చాయి, ఆ ముఖం చూడకుండానే పోతానేమో అనిపించింది. బతుకులో మొదటిసారి ఒక పెట్టె తెరిస్తే అందులో ఎవడున్నాడు? జెలిక్స్‌వాడు!”

“మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?” అన్నాడు డార్నెల్.

“చెబితే నేను తెరిచానని తెలిసిపోదూ?”

ఆ తర్కంలో లోపం ఎవరికీ కనిపించలేదు. వారిలో ఎవరైనా అదే చేసి ఉండేవారు. అయినా నమ్మామని ఎవరూ అనలేదు.

డార్నెల్ చాకుతో పెట్టె కోశాడు. బొమ్మ అరికాలి మీద జెలిక్స్ ముద్ర స్పష్టంగా ఉంది.

“అసలుదాన్ని తీసిందీ నువ్వే, ఇది పెట్టిందీ నువ్వే.”

“నా దగ్గరికి రాకముందు జనవరి నుంచి ముగ్గురి ఇళ్లు తిరిగొచ్చింది గదరా!”

“ఆ ముగ్గురూ తెరవలేదు. తెరిచానని ఒప్పుకున్నది నువ్వు.”

లొవెల్ అధ్యక్షురాలి వైపు తిరిగాడు. “మేడమ్ ప్రెసిడెంట్, నేను దొంగను కానని మీకు తెలుసు. మా ఆవిడ ఎడ్నా పోయాక నాకు ఈ శనివారం ఒక్కటే మిగిలింది. అది తీసేయకండి.”

“నియమం నియమమే లొవెల్,” అంది విల్మా.

చేతులెత్తించి లెక్క పెట్టింది. అయిదుగురు సరేనన్నారు. సంఘం పుస్తకం తెరిచి, అతని పేరు మీద కలం ఆనించింది. కలం ఒక క్షణం ఆగింది. అక్షరదోషం వెతుకుతోందని అందరూ అనుకున్నారు. తరువాత గీత పడింది, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు.

లొవెల్ కోటు తొడుక్కుని, మెట్ల దగ్గర ఆగి, “డోనట్లకు నా వంతు డబ్బు బల్ల మీద పెట్టాను,” అని చెప్పి వెళ్లిపోయాడు.

నాలుగు గంటలకు విల్మా ఇల్లు చేరింది. కోటు తగిలించింది. టీకి నీళ్లు పెట్టింది. వంటింటి కిటికీ గట్టు మీద పడమటి ఎండ పడుతోంది. ఆ ఎండలో ఇనుప బూట్లతో, వంగని మోకాళ్లతో, అచ్చం ఫొటోలోలాగే గడ్డం పైకెత్తి, విట్‌కమ్ వారి కమాండర్ థండ్రో నిలబడి ఉన్నాడు.

జెలిక్స్ సరుకు నిజంగానే ఆమె ఇంటి గడప తొక్కలేదు: ఫిబ్రవరి చివరి రోజున, తన నెల ముగిసి పెట్టెను అప్పగించడానికి వెళ్తూ, ఆ జెలిక్స్ బొమ్మను కొన్న దుకాణం ఎదుట కారులోనే కూర్చుని దాన్ని పెట్టెలోకి ఎక్కించి, పుస్తకాల జిగురుతో, ఏ భూతద్దానికీ దొరకనంత శుభ్రంగా అతికించింది.